ఫ్లాటా, మూడు పోర్షన్ల ఇల్లా: అద్దె కోసం కొనేవాళ్లకు ఏది మేలు?

ఊళ్లో అరెకరం అమ్మిన డబ్బు కొంత, బ్యాంకు లోను కొంత కలిపి 80 లక్షలు పోగేసుకుని, అద్దెలొచ్చేలా హైదరాబాద్‌లో ఏదైనా కొందామనుకునేవాళ్లకు తిరగ్గా తిరగ్గా రెండే మిగులుతాయి. నిజాంపేటలోనో మియాపూర్‌లోనో ఒక టూ బెడ్‌రూమ్ ఫ్లాటు. లేదంటే నాగారం వైపు 150 గజాల్లో పాత జీ ప్లస్ వన్ ఇల్లు, కింద ఒక పోర్షను, పైన రెండు. మా చెల్లి మొదటిది కొంది, మేం రెండోది. కాబట్టి రెండు చోట్లా అద్దెకున్నవాళ్ల ఫోన్లు ఎలా మోగుతాయో మాకు తెలుసు.

మా రెండిళ్ల లెక్కల్నే గుండ్రం చేసి చెబుతాను. ఫ్లాటుకు 21 వేలు అద్దె, మెయింటెనెన్సు అద్దెకున్నవాళ్లదే. మా ఇంట్లో కింద 11 వేలు, పైన రెండూ ఏడున్నర చొప్పున, మొత్తం 26 వేలు. ఏడాదికి ఫ్లాటు మీద 2 లక్షల 52 వేలు, ఇంటి మీద 3 లక్షల 12 వేలు. ఇక్కడిదాకా చూసి ఇల్లే మేలనేవాళ్లు చాలామంది. ఏజెంటు కూడా లెక్క ఇక్కడే ఆపేస్తాడు.

మిగతాది నేను చేస్తాను. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం, అంటే 6 లక్షలు. అది దేనికైనా ఒకటే కాబట్టి పెట్టుబడి 86 లక్షలు. ఫ్లాటు రెండేళ్లకోసారి ఓ నెల ఖాళీగా ఉంటుంది, చిన్న చిన్న రిపేర్లుంటాయి, ఆస్తి పన్నుంటుంది. అన్నీ పోను చేతికి మిగిలేది 2 లక్షల 30 వేలు. ఇంటికి మోటారు రీవైండింగు, డాబా మీద వాటర్‌ప్రూఫింగు, బాత్రూమ్ లీకేజీలు కలిపి ఏడాదికి 35 వేలు పక్కన పెట్టాల్సిందే. పోర్షన్లు ఖాళీ అయిన నెలలకు 15 వేలు, పన్నుకు 4 వేలు తీసేస్తే మిగిలేది 2 లక్షల 58 వేలు. తేడా ఏడాదికి 28 వేలు. నెలకు రెండు వేల మూడొందల పైచిలుకు. ప్లంబరు వెంట తిరిగినందుకు, కరెంటోడి కోసం కాపు కాసినందుకు మీ జీతం అదీ.

ఎఫ్‌డీ వేసుకుంటే రెండింటికన్నా ఎక్కువొస్తుంది కదా అంటారా? నిజమే, వస్తుంది. అద్దె ఒక్కదాని కోసం ఇల్లు కొనేవాళ్లను నేనైతే చూడలేదు. అందరి కళ్లూ భూమి మీదే ఉంటాయి. ఇల్లు గెలిచేదీ అక్కడే. 150 గజాలూ మీ పేరున ఉంటాయి. ఫ్లాటుకు ఉండేది కాగితం మీద రాసే అన్‌డివైడెడ్ షేరు, అంటే అందరు ఓనర్లకూ ఉమ్మడిగా ఉన్న స్థలంలో వాటా. మా చెల్లి దస్తావేజులో అది 42 గజాలు. ఇరవై ఏళ్లకు గోడల విలువ రెండు చోట్లా తరిగిపోతుంది. మేమైతే పడగొట్టి మళ్లీ కట్టుకోగలం. అపార్ట్‌మెంటులో మిగతా ఓనర్లను ఒప్పించి ఒక్క సంతకం పెట్టించడానికే ఏళ్లు పడుతుంది.

సరే, రోజువారీ సంగతికొద్దాం. మేం కొన్నప్పుడు బోరు మోటారు కింది పోర్షన్ మీటరు మీద ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. 2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వచ్చింది. తెల్ల రేషన్ కార్డున్నవాళ్లకు 200 యూనిట్లలోపైతే జీరో బిల్లు, అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. కిందున్నావిడ వాడకం 160 లోపే. మోటారు పుణ్యమా అని మేలో 200 దాటింది. దాటితే ఆ పైవాటికే కాదు, మొత్తానికీ కట్టాలి. “మీ నీళ్లకు మా బిల్లు పోయింది అంకుల్” అని గుమ్మంలోనే అడిగేసింది. ఆవిడన్నదాంట్లో తప్పేముంది? మోటారుకూ మెట్ల లైట్లకూ మా పేరున వేరే మీటరు పెట్టించాకగానీ గొడవ సద్దుమణగలేదు. మీరు కొనే ఇంట్లో ఒకే మీటరుండి లోపల సబ్ మీటర్లుంటే ఇంకా చిక్కు. అందరి యూనిట్లూ కలిసి పై స్లాబులోకి వెళ్తాయి, జీరో బిల్లు ఎవరికీ రాదు.

మా చెల్లికి ఇవేవీ లేవు. మోటారు సంగతి అపార్ట్‌మెంటు అసోసియేషన్ చూసుకుంటుంది, లిఫ్టు ఆగితే వాచ్‌మన్ ఫోన్ చేస్తాడు. తన తలనొప్పి వేరు. జూన్ నెలాఖరుకు ఫ్లాటు ఖాళీ అయితే ఆషాఢం ముంచుకొస్తుంది. శ్రావణం దాకా ఏ కుటుంబమూ వచ్చి పాలు పొంగించదు. బ్యాచిలర్లకు ఆషాఢంతో పనిలేదుగానీ, వాళ్లకివ్వొద్దని అసోసియేషన్ తీర్మానం. అలా ఒక ఏడాది నెలన్నర అద్దె మొత్తంగా పోయింది. మాకు ఒక పోర్షను ఖాళీ అయినా మిగతా రెండింటి అద్దె వస్తూనే ఉంటుంది. లోను కిస్తీ కట్టేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఫ్లాటే కొన్నవాళ్లు మాత్రం అగ్రిమెంటు గడువు ఏప్రిల్, మే నెలల్లో ముగిసేలా రాసుకోండి. స్కూళ్లు తెరవకముందే ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ.

ఆదాయపు పన్నులో ఫ్లాటుకు కాస్త మొగ్గుంది. అద్దెలోంచి ఆస్తి పన్ను తీసేశాక 30 శాతం మినహాయింపు ఇస్తారు. ఎంత ఖర్చు పెట్టారో బిల్లులు అడగరు. రిపేర్లు తక్కువగా ఉండే ఫ్లాటుకు అది దాదాపు మిగులే. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. లోను వడ్డీ అద్దెను మించిపోయినా, ఆ నష్టాన్ని జీతంలో తగ్గించి చూపించుకోవడం కుదరదు. ఇంకోటి, 50 లక్షలూ ఆపై ధర పెట్టి కొనేటప్పుడు అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే మినహాయించే పన్ను) పట్టుకుని కట్టాల్సింది మీరే.

ఇల్లు మొత్తం హాస్టలుకిస్తే అద్దె ఇంకా ఎక్కువిస్తామని మా దగ్గరికీ వచ్చారు. గదికి ఐదుగురు, ఉన్నదేమో మూడు కుటుంబాల కోసం కట్టిన సెప్టిక్ ట్యాంకు. వద్దన్నాం.

నన్నడిగితే, రిటైరై అదే వీధిలోనో పక్క కాలనీలోనో ఉండేవాళ్లు పోర్షన్ల ఇల్లు కొనుక్కోవచ్చు. కొనేముందు మే నెలలో ఒకసారి వెళ్లి బోరు ఎంతసేపు పోస్తుందో చూడండి, గట్టి వాన పడిన మర్నాడు మరోసారి వెళ్లి పై పోర్షన్ల సీలింగు చూడండి. పైన రేకులో, అనుమతి లేని అంతస్తో ఉంటే బ్యాంకు దాన్ని లెక్కలోకి తీసుకోదు, మీరూ ధరలో కలపొద్దు. పుణెలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి రెండుసార్లు వచ్చేవాళ్లకు ఫ్లాటే. అమెరికాలో ఉన్నవాళ్లకైతే మరీను. వాళ్లకిచ్చే అద్దెలోంచి 31.2 శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్లది. ఏడున్నర వేల పోర్షన్‌లో ఉండే ఆటో డ్రైవరు చేత ఆ పని ఎవరు చేయిస్తారు?