కమ్యూనిస్టులా, సోషలిస్టులా? ఉక్రెయిన్ వామపక్ష చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి

ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి తెలిసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: అక్కడి లెఫ్ట్ ఏమైపోయింది, ఏ పార్టీ చరిత్ర ముందు చదవాలి? ఎక్కువమంది కమ్యూనిస్టు పార్టీ పేరే చెబుతారు. నా ఓటు ఒలెక్సాందర్ మొరోజ్ సోషలిస్టు పార్టీకి.

కమ్యూనిస్టులది పెద్ద కథే, కాదనను. 1991 ఆగస్టులో నిషేధం, 1993లో పునర్జన్మ, 1998 ఎన్నికల్లో 24.65 శాతంతో అందరికంటే ముందు. మరుసటి ఏడాది అధ్యక్ష పోటీలో వాళ్ల నాయకుడు సిమొనెంకో రెండో రౌండ్ దాకా వెళ్లి అప్పటి అధ్యక్షుడు కుచ్మా చేతిలో ఓడాడు. అంత బలం ఉండి కూడా వాళ్లు దేశాన్ని మలుపు తిప్పిన సందర్భం వెతికితే దొరకడం కష్టం. 2014లో పార్లమెంటు బయటపడ్డారు.

సోషలిస్టుల నుంచి 1996లో విడిపోయిన నతాలియా విత్రెంకో పార్టీ ఒకటుంది. మన దగ్గర కమ్యూనిస్టు పార్టీ 1964 చీలిక కథలు వింటూ పెరిగినవాళ్లకు అందులో పెద్ద కొత్తేమీ ఉండదు.

ఇక సోషలిస్టులు. నిషేధం పడ్డ రెండు నెలలకే, 1991 అక్టోబరులో, పాత పార్టీవాళ్లే పెట్టుకున్నారు. ఎప్పుడూ చిన్న పార్టీయే. కానీ 1996 జూన్ 28 తెల్లవార్లూ కూర్చుని రాజ్యాంగాన్ని ఆమోదించిన సభకు స్పీకర్ మొరోజ్. 2000 నవంబరు 28న అదే సభలో లేచి, జర్నలిస్టు గొంగాద్జె మాయమవడం వెనక కుచ్మా ఉన్నాడని, అందుకు ఆయన మాటలు రహస్యంగా రికార్డు చేసిన టేపులున్నాయని చెప్పిందీ ఆయనే. కుచ్మా ఒప్పుకోలేదు గానీ ఆ గొడవ ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

నా దృష్టిలో అసలు లెక్క 2006 ఎన్నికలది. 450 మంది సభలో మెజారిటీకి 226 కావాలి. తిమొషెంకోకు 129, యుష్చెంకో కూటమికి 81, సోషలిస్టులకు 33. కలిస్తే 243, సోషలిస్టులు తప్పుకుంటే 210. 2004 ఆరెంజ్ విప్లవంలో కలిసి నడిచిన ఆ రెండు పార్టీలతో పొత్తుకు సంతకాలు పెట్టిన రెండు వారాలకే, జూలై 6న, మొరోజ్ వాళ్ల ప్రత్యర్థి యానుకోవిచ్ వైపు ఓట్లతో స్పీకర్ అయ్యాడు. స్పీకర్ పదవి యుష్చెంకో మనిషి పొరొషెంకోకని అంతకుముందే మాట అయిపోయింది మరి! ఆగస్టులో యానుకోవిచ్ ప్రధాని. పార్టీలోని యోసిప్ వీన్‌స్కీ ఇది తప్పని చెప్పి బయటికి నడిచాడు.

2007 సెప్టెంబరులో మళ్లీ ఎన్నికలు. పార్లమెంటులోకి రావాలంటే దాటాల్సిన గడప 3 శాతం, సోషలిస్టులకు వచ్చింది 2.86.