పిల్లల విరాళాల పరుగుకి టైవెక్ నంబర్ బిబ్‌లు

బడి పిల్లలతో విరాళాల పరుగు పెట్టేవాళ్లు ఖర్చు తగ్గించాలని ముందు చెయ్యి వేసేది ఛాతీ నంబరు (బిబ్) మీదే. అక్కడ మాత్రం తగ్గించకండి. మామూలు కాగితం బిబ్ చెమటకి నాని, పిన్ను గుచ్చిన చోటే చిరుగుతుంది. విశాఖ బీచ్ రోడ్డు గాలికైతే చెప్పనక్కర్లేదు. 300 మంది బయల్దేరి 299 నంబర్లే తిరిగొస్తే, తప్పిపోయింది పిల్లాడా, కాగితమా అన్నది ఎలా తేలుతుంది?

టైవెక్ పాలిథిలీన్ పోగుల షీటు, తడిసినా చిరగదు. పిల్లలకి ఏ5 సైజు చాలు. నాలుగు మూలలా పిన్నులు పెట్టాలి. పైన రెండే పెడితే కింది అంచు ఎగిరి మొహానికి కొడుతుంది. 300 మందికి 1200 పిన్నులు, పైన ఓ వంద. 2 కిలోమీటర్ల వాళ్లకి పసుపు, 5 కిలోమీటర్ల వాళ్లకి నీలం అంచు వేయిస్తే మలుపు దగ్గర నిలబడ్డ టీచరు దూరం నుంచే దారి చూపగలరు.

బిబ్ వెనక అమ్మానాన్నల ఫోన్ నంబరు, ఉబ్బసం లాంటివి ఉంటే ఆ వివరం బాల్‌పెన్నుతో రాయించండి. జెల్ సిరా ఇంకదు, అలుక్కుపోతుంది. లేజర్ ప్రింటర్లో పెట్టొద్దు, వేడికి ముడుచుకుపోతుంది.

టైవెక్‌తో లోటల్లా ఒకటే, మట్టిలో కలవదు. ముగింపు గీత దగ్గర సంచి పెట్టి బిబ్‌లు వెనక్కి తీసుకోండి. పిన్నులు మరుసటేడు పనికొస్తాయి.