పిందె వగరా, హాప్స్ చేదా: జపాన్ సైడర్లలో ఏది మేలు?

జపాన్‌లో సైడర్ కొనబోతే మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. 'సైదా' కావాలని అడిగితే మిత్సుయా సైడర్ లాంటి తియ్యటి సోడా చేతిలో పెడతారు. అందులో మత్తూ ఉండదు, ఆపిల్ రసమూ ఉండదు. ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసేది కావాలంటే 'షీడోరు' అనాలి. ఇది ఫ్రెంచి మాటకు జపాన్ పలుకుబడి. ఈమధ్య కొందరు తయారీదారులు సీసా మీద 'హార్డ్ సైడర్' అని కూడా వేస్తున్నారు.

పేరు తెలిశాక అసలు ప్రశ్న ఎదురవుతుంది: అఒమొరి సీసా తీసుకోవాలా, నగానో సీసానా? దేశంలో పండే ఆపిల్స్‌లో దాదాపు అరవై శాతం ఉత్తరాన ఉన్న అఒమొరివే. నగానోది రెండో స్థానం, సుమారు ఇరవై శాతం. పంట లెక్క చూసి అఒమొరికే ఓటేస్తే పొరపాటు. సైడర్ రుచిని తేల్చేది పంట కాదు, వగరు.

ఇంగ్లండ్‌లో, ఫ్రాన్స్‌లో సైడర్ కోసమే పెంచే ఆపిల్ రకాలున్నాయి. పచ్చిగా కొరికితే నోరు పిడచకట్టుకుపోతుంది. పులిసి తీపి పోయాక కూడా సైడర్‌కి ఒక ఒడ్డూ పొడుగూ ఇచ్చేది ఆ వగరే. జపాన్ ఆపిల్స్ కోసుకు తినడానికి పెంచినవి. ఫుజినే తీసుకోండి. అఒమొరిలోని ఫుజిసాకిలో 1939లో రాల్స్ జానెట్, రెడ్ డెలిషస్ రకాలను సంకరం చేస్తే పుట్టింది, 1962లో పేరు పెట్టారు. తీపి, రసం, కరకర అన్నీ ఉన్నాయి, వగరు మాత్రం లేదు. అందులోని చక్కెరంతా పులిసిపోతే మిగిలేది తేలికపాటి, కాస్త చప్పటి సైడర్. మంచి సువాసన ఉంటుంది కానీ నాలుక మీద నిలవదు.

ఈ లోటును రెండు ప్రాంతాలూ రెండు దారుల్లో పూడ్చుకున్నాయి. నాకు ఆసక్తి అక్కడే.

అఒమొరి దారి తోటలోంచే మొదలవుతుంది. అక్కడ తినే ఆపిల్‌కి చేసే చాకిరీ చూస్తే మన మామిడి రైతులు ముక్కున వేలేసుకుంటారు. చెట్టు నిండా కాసిన పిందెల్లో ఎక్కువ వాటిని చేత్తో తుంచేస్తారు, మిగిలినవి పెద్దగా పెరగాలని. కోతకు ముందు కాయకు అడ్డొచ్చే ఆకులు గిల్లుతారు. ఎరుపు అన్ని వైపులా సమంగా ఎక్కాలని కాయను కొమ్మ మీదే తిప్పుతారు. కింద వెండిరంగు పట్టాలు పరుస్తారు. సైడర్‌కి ఈ రంగుతో పనే లేదు. తోట పనికి మనుషులు దొరకని ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు. అఒమొరిలోని హిరోసాకి ఊరి మొరియామా తోటవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, నేలపాలయ్యే ఆ పిందెలతోనే 'తెకికాకా' అనే సైడర్ చేశారు. పిందె అంటేనే వగరు, పులుపు! ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్క వేసే మనకి ఇది వేరే చెప్పాలా?

హిరోసాకికి ఈ విద్య కొత్త కాదు. బీరుకి పేరుపడ్డ అసాహి కంపెనీ పెద్ద ఎత్తున సైడర్ చేయడం 1950లలోనే ఇక్కడి ఎర్ర ఇటుకల గోదాములో మొదలుపెట్టింది. ఆ పని తర్వాత నిక్కా చేతికి వెళ్లింది. విస్కీకి పేరుపడ్డ ఈ నిక్కాను మసతక తకెత్సురు 1934లో హొక్కైదోలో పెట్టినప్పుడు మొదట అమ్మింది ఆపిల్ రసమే. ఆ గోదాము 2020లో సమకాలీన కళల మ్యూజియం అయింది, కప్పుకి సైడర్ బంగారు రంగే వేశారు.

నగానో దారి వేరు. అక్కడ ద్రాక్ష వైన్ చేసేవాళ్లు ముందునుంచీ ఉన్నారు. పండ్ల మద్యం లైసెన్సు కావాలంటే ఏడాదికి కనీసం 6,000 లీటర్లు తయారుచేయాలి, అంటే 750 మి.లీ. సీసాలు 8,000. ప్రభుత్వం నిబంధనలు సడలించిన ప్రత్యేక మండలాల్లో దీన్ని 2,000 లీటర్లకు తగ్గించారు. అయినా పదెకరాలు కూడా లేని రైతుకి అది భారమే. అందుకే ఇక్కడ చాలామంది తమ ఆపిల్స్‌ని దగ్గరలోని వైనరీకిచ్చి, పులియబెట్టించి, తమ తోట పేరుతో అమ్ముకుంటారు. ఫలితంగా ఒక్కో తోటది ఒక్కో సీసా, షినానో గోల్డ్ లాంటి స్థానిక రకాలతో. వగరు లోటుకు 'సన్ ఆఫ్ ద స్మిత్' వాళ్లు బీరులో చేదు కోసం వేసే హాప్స్ పువ్వులు వాడారు. నగానో ఆపిల్ రైతులే వీళ్లు, అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో చూసొచ్చిన పద్ధతి అది. ఒబుసె ఊళ్లో అయితే ఇంగ్లండ్ వంట ఆపిల్ బ్రామ్లీనే పెంచుతున్నారు, పుల్లగా ఉంటుంది.

మరి ఏది కొనాలి? బీరు అలవాటున్నవాళ్లకి నగానో హాప్స్ సైడర్ మొదటి గుక్కలోనే నచ్చుతుంది. నాకు మాత్రం రెండో గ్లాసుకి ఆపిల్ ఎక్కడికి పోయిందా అని అనుమానం వస్తుంది. రకరకాల ఆపిల్స్ రుచి పక్కపక్కన పెట్టి చూడాలంటే నగానోకి పోటీ లేదు. ఎప్పుడూ తాగనివాళ్లు నిక్కా స్వీట్‌తో మొదలుపెట్టవచ్చు. మూడు శాతమే ఆల్కహాల్, చవక, సూపర్‌మార్కెట్లో కూడా దొరుకుతుంది. కానీ అక్కడే ఆగిపోతే జపాన్ సైడర్ అంటే తియ్యటి పానీయమనే అనుకుంటారు.

భోజనంతో అయితే నా ఓటు హిరోసాకికే. కోడి వేపుడు పక్కన తీపి సైడర్ పెడితే రెండూ చెడతాయి. తెకికాకా, లేదంటే హిరోసాకి ఆపిల్ పార్కులో 2014 నుంచి చేస్తున్న 'కిమోరి' డ్రై (తీపి లేని రకం) అయితే కారాన్ని కడిగి మళ్లీ ముద్ద మీదికి పంపిస్తాయి. కిమోరి అంటే కోత అయ్యాక చెట్టుకి వదిలేసే ఒక్క కాయ, వచ్చే ఏడూ బాగా పండాలని. మనవాళ్లు పిచ్చుకల కోసం చూరుకి వరికంకులు కట్టినట్టే.

ఒక్క జాగ్రత్త. కిమోరి వడకట్టనిది, అడుగున మడ్డి ఉంటుంది. ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచండి, తీసేముందు ఊపకండి, మూత మెల్లగా తిప్పండి.