క్వీన్ ‘గ్రేటెస్ట్ హిట్స్’: పాటలకు వంక పెట్టలేం, పాత ఎల్‌పీ మాత్రం చూసి కొనండి

బ్రిటన్‌లో ఇప్పటిదాకా అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్, బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ హిట్ పాటల ఈ సంకలనమే. 1981లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ ఎల్‌పీగా, అంటే రెండు వైపులా పాటలుండే పెద్ద వినైల్ రికార్డుగా విడుదల చేసింది. 17 పాటలు, దాదాపు 58 నిమిషాలు. డెబ్బైల్లో క్వీన్ ఎందుకంత పైకొచ్చిందో తెలుసుకోవాలంటే ఈ ఒక్కటి చాలు. కాకపోతే పాటల్ని పేర్చిన వరుసకీ బ్యాండ్ ఎదిగిన వరుసకీ పొంతన లేదు.

అందుకే మొదటిసారి వినేటప్పుడు రెండో వైపు చివర్లో దాక్కున్న ‘సెవెన్ సీస్ ఆఫ్ రై’తో మొదలుపెట్టండి. 1974లో బ్రిటన్ చార్టులో (వారంవారం అమ్మకాల జాబితాలో) 10వ స్థానానికి చేరిన వాళ్ల తొలి హిట్ అదే. తర్వాత ‘కిల్లర్ క్వీన్’ వినండి. అదీ 1974దే, 2వ స్థానం. ఆ రెండింటి మధ్య గడిచింది నెలలే అయినా, మొదటిదాంట్లో ఉన్నవన్నీ ఒకేసారి చూపించెయ్యాలన్న హడావిడి రెండోదాంట్లో కనిపించదు. చిటికెలతో మొదలై, పియానో మీద తాపీగా నడుస్తుంది. ‘నౌ అయామ్ హియర్’ విన్నాక అప్పుడు ‘బొహీమియన్ రాప్సడీ’ పెట్టండి.

1975 అక్టోబర్ 31న వచ్చిన ఆ సింగిల్ (విడిగా అమ్మే పాట రికార్డు) నిడివి 5 నిమిషాల 55 సెకన్లు. రేడియోలో వెయ్యడానికి మరీ పొడుగన్నారు. అయినా లండన్ క్యాపిటల్ రేడియోలో డీజే కెనీ ఎవరెట్ ఒకే వారాంతంలో 14 సార్లు వేశాడు. ఆ పాట తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. మధ్యలో వచ్చే ఒపేరా భాగంలోని గుంపంతా గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ, గిటారిస్టు బ్రయన్ మే, డ్రమ్మర్ రోజర్ టేలర్ ముగ్గురే. 24 ట్రాక్‌ల టేపు (24 శబ్దాల్ని పక్కపక్కనే విడివిడిగా రికార్డు చేసేది) నిండగానే పాడినవాటిని కలిపి వేరే ట్రాక్ మీదికి దింపి, ఖాళీ అయినచోట మళ్లీ పాడారు. అలా దింపిన ప్రతిసారీ టేపు శబ్దం కాస్త పెరుగుతుంది, స్పష్టత కాస్త తగ్గుతుంది. మొదట్లోని పియానో ఉన్నంత తేటగా ఆ గొంతులు లేవనిపిస్తే మీ స్పీకర్లని అనుమానించకండి. ఆ భాగంలో గొంతులు ఎడమకీ కుడికీ ఎగురుతుంటాయి. ఒక్క బ్లూటూత్ స్పీకర్ మీద వింటే ఆ ఆటంతా పోతుంది. కనీసం హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

‘వియ్ విల్ రాక్ యూ’ (1977) సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. డ్రమ్స్ లేవు, బేస్ గిటార్ లేదు. చెక్కపలకల మీద కాళ్లతో తొక్కుతూ చప్పట్లు కొట్టి, ఆ శబ్దాన్నే కొద్దికొద్ది ఆలస్యాలతో ఒకదానిమీద ఒకటి వేశారు. అందుకే కొంతమంది చేసిన శబ్దం స్టేడియమంతా చేసినట్టుంటుంది. గిటార్ సోలో చివర్లో గానీ రాదు.

నలుగురూ పాటలు రాసే బ్యాండ్ అంటారు గానీ, ఇందులో మెర్క్యురీవి 10, మేవి 5, బేస్ గిటారిస్టు జాన్ డీకన్‌వి 2. డ్రమ్మర్ టేలర్ రాసింది ఒక్కటీ లేదు! మే రాసిన ‘ఫ్లాష్’ని ఇందులో పెట్టకపోయినా నష్టమేం ఉండేది కాదు. సినిమా డైలాగుల మధ్య నలిగిపోయిన పాట అది.

ఇక ఏది కొనాలి? పాత ఒకే డిస్కు ఎల్‌పీలో ఒక్కో వైపు 29 నిమిషాలు ఇరికించారు. అంతసేపు పట్టాలంటే గాడుల్ని దగ్గర దగ్గరగా, తక్కువ స్థాయిలో కోయాలి. అంచున పడ్డ ‘బొహీమియన్ రాప్సడీ’కి పెద్ద ఇబ్బంది లేదు. దెబ్బ తినేది ‘వియ్ ఆర్ ద ఛాంపియన్స్’. అది రెండో వైపు ఆఖర్న, లేబుల్ పక్కన ఉంది. అంచు దగ్గర సెకనుకి 50 సెంటీమీటర్లు పరిగెత్తే గాడి అక్కడ అందులో సగం కూడా కదలదు. ముల్లు అరిగినా, కార్ట్రిడ్జ్ (ముల్లుని పట్టి ఉంచే భాగం) వంకరగా బిగించినా ‘స’ శబ్దాలు గీసుకుపోతాయి. సెకండ్‌హ్యాండ్‌ది కొనేటప్పుడు ముందు ఆ పాటే వేయించుకుని వినండి. టార్చి వెలుగులో అక్కడి గాడులు బూడిదరంగు తిరిగి కనిపిస్తే వదిలెయ్యండి.

రెండు డిస్కుల వినైల్ 2016లో వచ్చింది. ఒక్కో వైపు దాదాపు పావుగంటే కాబట్టి గాడులకి చోటు దొరికింది, శబ్దం నిండుగా ఉంది. కాకపోతే మధ్యలో మూడుసార్లు లేచి రికార్డు తిప్పడమో మార్చడమో చెయ్యాలి. టర్న్‌టేబుల్ లేనివాళ్లకి 2011 రీమాస్టర్ (పాత టేపుల నుంచి శబ్దాన్ని మళ్లీ సరిచేసిన) సీడీ మేలు, వరుస మార్చుకుని వినడం కూడా తేలిక.

ఆన్‌లైన్‌లో కొంటే వెనక అట్ట ఫొటో అడగండి. 1981లోనే అమెరికాలో ఎలెక్ట్రా కంపెనీ వేసిన ఎల్‌పీలో 14 పాటలే. గాయకుడు డేవిడ్ బౌవీతో చేసిన ‘అండర్ ప్రెషర్’ అందులో ఉంది గానీ ‘డోంట్ స్టాప్ మీ నౌ’ లేదు, ‘సెవెన్ సీస్ ఆఫ్ రై’ అసలే లేదు. బ్యాండ్ ఎదిగిన కథ కోసం కొనేవాళ్లకి అది పనికిరాదు.