మధురపూడిలో దిగితే

మా అమ్మకి విమానం కొత్త. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పడుకుంటే తెల్లారేసరికి రాజమండ్రిలో ఉంటాం కదా, ఈ ఖర్చెందుకురా అని బయల్దేరే ముందురోజు దాకా సణుగుతూనే ఉంది. అసలు సంగతేంటంటే, 2025 సంక్రాంతికి కింది బెర్తు దొరకలేదు. ఆవిడ మోకాళ్లతో పై బెర్తు ఎక్కడం జరిగే పని కాదు.

హైదరాబాద్ నుంచి వెళ్లింది ఏటీఆర్. పంకాల విమానం, మోత బాగానే ఉంటుంది. దీనితో ఒక లాభం ఉంది: రెక్కలు కిటికీల పైన ఉంటాయి, కాబట్టి ఎక్కడ కూర్చున్నా కిందకి చూపు ఆనుతుంది. గంట తిరక్కుండానే కింద గోదావరి, మధ్యలో ఇసుక తిన్నెలు, పక్కపక్కనే వంతెనలు. "అదిగో మన రోడ్డు రైలు బ్రిడ్జి" అని అమ్మ గట్టిగా అనేసరికి ముందు సీటాయన కూడా కిటికీలోకి వంగాడు.

పేరుకి రాజమండ్రి ఎయిర్‌పోర్టు గానీ, ఊళ్లో అందరూ మధురపూడి అనే అంటారు. ఊరికి 18 కిలోమీటర్ల దూరం. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి రన్‌వే ఇది. 1980ల్లో వాయుదూత్ చిన్న విమానాలు తిరిగేవి. తొంభైల్లో అవీ ఆగిపోయాయి. మళ్లీ 2007లో గానీ విమానాలు మొదలు కాలేదు. మేం దిగిన టెర్మినల్ 2012 నాటిది. రన్‌వే 1,749 మీటర్లే ఉండటంతో చాలా ఏళ్లు ఏటీఆర్‌లతోనే సరిపెట్టుకున్నారు. దాన్ని 3,165 మీటర్లకు పొడిగించాక ఎయిర్‌బస్‌లకు దారి దొరికింది. 2024 డిసెంబరులో ముంబైకి, ఆ వెంటనే ఢిల్లీకి నేరుగా విమానాలు మొదలయ్యాయి. కానీ రన్‌వే పెరిగినంత తొందరగా బిల్డింగు పెరగలేదు. మేం వెళ్లినప్పుడు కొత్త టెర్మినల్ పనులు పక్కనే జరుగుతూ ఉన్నాయి.

టెర్మినల్ అలా చిన్నదిగా ఉండటమే అమ్మకి కలిసొచ్చింది. ఏరోబ్రిడ్జి లేదు, బస్సు లేదు. మెట్లు దిగి నాలుగడుగులు నడిస్తే లోపల ఉంటాం. వీల్‌చైర్ ముందే చెప్పి ఉంచాం, కుర్రాడొకడు మెట్ల దగ్గరే తయారుగా ఉన్నాడు. సామాన్ల బెల్టు దగ్గర పది నిమిషాలు కూడా నిలబడలేదు. శంషాబాద్‌లో గేటు దాకా నడిచిన దూరంతో పోలిస్తే ఇది మా పెరడు.

చిక్కల్లా బయట. ఆ ఉదయం బస్సేమీ కనిపించలేదు. ఫోన్‌లో ఒప్పుకున్న క్యాబ్ రెండుసార్లు క్యాన్సిలైంది. గేటు దగ్గర ఒకాయన "ఆయ్, పండగండి, పన్నెండొందలండి" అన్నాడు. బేరమాడితే తొమ్మిదొందలకి దిగాడు. తిరుగు ప్రయాణానికి హోటల్ వాళ్లతో మాట్లాడుకుంటే ఏడొందలకే పనైపోయింది. కాబట్టి బండి ముందే కుదుర్చుకోండి.

గోదావరి గట్టు మీది హోటల్లో నదివైపు రూమని చెప్పి ఇచ్చింది తీరా చూస్తే వాటర్ ట్యాంకు వైపుంది. అడిగితే మార్చారు, అదీ మర్నాటికి. కానీ పొద్దున్నే పుష్కరాల రేవు దాకా నడిచి వచ్చేంత దగ్గర కావడంతో అమ్మ ఆ కోపం మర్చిపోయింది. నేను మర్చిపోలేదు.

మారేడుమిల్లి వెళ్లేవాళ్లకి ఒక మాట. ఎయిర్‌పోర్టు ఊరికి ఆ వైపునే ఉంది. రాజమండ్రిలోకి రానక్కర్లేదు. కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా నేరుగా పోవచ్చు. దారిలో కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి గుడి తగులుతుంది. మెట్లు చాలా నిటారుగా ఉంటాయి, మేం కింద నుంచే దండం పెట్టుకున్నాం. కాకినాడ, కోనసీమ వాళ్లకీ గన్నవరంలోనో విశాఖలోనో దిగి రోడ్డున పడటం కన్నా ఇదే నయం. టికెట్ ధర మాత్రం పండగలకి చుక్కల్లో ఉంటుంది. ఒంటరిగా వెళ్తే నేనైతే ఇప్పటికీ రైలే ఎక్కుతాను.

తిరిగొచ్చే రోజు మంచు. బయట పది గజాల అవతల చెట్టు కనపడలేదు. మా విమానం రెండు గంటలు ఆలస్యం. ఈలోపు పెద్ద విమానం ప్యాసింజర్లు కూడా వచ్చారు. హాల్లో కుర్చీలు నిండిపోయాయి. చలికాలంలో పొద్దుటి ఫ్లైటు బుక్ చేస్తే అవతల కనెక్టింగ్ పెట్టుకోకండి. సెక్యూరిటీ దగ్గర నా ముందున్న నలుగురిలో ముగ్గురి చేతుల్లో ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలే. నాలుగో ఆయనవి తాపేశ్వరం కాజాలు. పాకం కారుతుందేమోనని సంచిని రెండు చేతులతో నిటారుగా పట్టుకుని నిలబడ్డాడు.

మంచు విడగానే పిలిచారు. ఈసారి కిటికీ సీటు తనకే కావాలంది అమ్మ.