గాంపి కాగితం మీద పల్లాడియం ప్రింట్లు: విశాఖ ఉక్కపోతలో నాలుగేళ్లు

పల్లాడియం అనే లోహంతో చేత్తో ఫోటోలు ప్రింటు చేయడం మొదలుపెట్టినప్పుడు, కష్టమంతా మందుల (రసాయనాల) దగ్గరే ఉంటుందనుకున్నాను. నాలుగేళ్లు, రెండొందలకు పైగా ప్రింట్లు అయ్యాక తెలిసింది: మన ఊళ్లో పేచీ అంతా కాగితంతోనూ, గాలితోనూ.

తెలియనివారికి రెండు ముక్కలు. ఫెర్రిక్ ఆక్సలేట్ (వెలుతురుకు మారే ఇనప లవణం), పల్లాడియం ద్రావణం చుక్కల లెక్కన కలిపి కాగితానికి పూస్తాం. ఆరాక నెగటివ్ పెట్టి ఎండ చూపిస్తాం. తర్వాత బొమ్మను బయటికి తెచ్చే పొటాషియం ఆక్సలేట్ పోయగానే లోహం కాగితం నారలోనే దిగిపోతుంది. మామూలు ఫోటో కాగితానికి ఉండే జిగురు పొర ఏదీ ఉండదు. అందుకే కాగితం మారితే బొమ్మే మారిపోతుంది.

విలియం విల్లిస్ 1873లో పేటెంటు తీసుకున్నది ప్లాటినానికి. మొదటి ప్రపంచ యుద్ధంలో దాని ధర మండిపోయి జనం పల్లాడియానికి మళ్లారు. నేను మొదలుపెట్టిన 2021లో పల్లాడియమే ఎక్కువ ధర! అయినా దాని వెచ్చని గోధుమ రంగు కోసం అదే కొన్నాను.

ముందు వాడింది స్టేషనరీ షాపులో దొరికే వాటర్‌కలర్ కాగితం. అందులో సుద్ద కలిపి ఉంటుంది, ఈ మందులకు అది పడదు. ఆక్సాలిక్ ఆసిడ్‌లో నానబెడితే సోడాలా బుడగలొస్తాయి. అవి ఆగాక కడిగి ఆరబెట్టి వాడితే పర్వాలేదు. (గ్లవ్స్ తప్పనిసరి, అది విషం.) తర్వాత నేపాలీ లోక్తా కాగితం. చూడ్డానికి ఎంత అందమో, మందును అంత తాగేస్తుంది. నలుపు నలుపులా రాదు.

గాంపి జపాన్ కాగితం, ఉల్లిపొరంత పలచన. నున్నగా ఉంటుంది కాబట్టి సన్నటి గీత కూడా నిలుస్తుంది. ఫిషింగ్ హార్బర్ పడవల తాళ్లు దీని మీద చూశాక మిగతావి పక్కన పెట్టేశాను. చిక్కులు లేకపోలేదు. తడిసినప్పుడు అంచు పట్టుకుని ఎత్తితే చిరుగుతుంది, కింద ప్లాస్టిక్ షీటు వేసి దాంతో పాటే ఎత్తాలి. ఆరితే ముడుచుకుంటుంది. మొదటిసారి చూసి మా అమ్మ "అప్పడాలెందుకురా ఇక్కడ ఆరేశావు?" అంది. ఇప్పుడు బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి రెండు రోజులు బరువు వేస్తున్నాను. వెనక బంగారు రేకు అంటించి కూడా చూశాను. ఒక్కసారికి బాగుంది, రెండోసారికి పెళ్లి శుభలేఖలా అనిపించింది.

ఇక తేమ. గదిలో 50–60 శాతం ఉంటే హాయి. ఎంవీపీ కాలనీలో మా గదిలో మీటరు 80 దాటేస్తుంది. ఆరిందనుకున్న పూత లోపల పచ్చిగానే ఉండి, భీమిలి డచ్ శ్మశానం నెగటివ్‌కు అతుక్కుపోయింది. రెండూ పోయాయి, ఆ పూట అన్నం సహించలేదు. ఆ తర్వాత ఏసీ డ్రై మోడ్‌లో పెట్టి, నెగటివ్‌కూ పూతకూ మధ్య పలచని పారదర్శక షీటు వేస్తున్నాను. వానాకాలంలో పనే పెట్టుకోను. జనవరి ఎండలో ఏడెనిమిది నిమిషాలు చాలు.

బ్రష్‌కు ఇనప పట్టీ ఉండకూడదు. సముద్రపు గాలికి అది తుప్పు పట్టి పొరలుగా రాలి, ప్రింటు మీద నల్ల చుక్కలు పడతాయి. నెల రోజులు కాగితాన్ని తిట్టుకున్నాక గానీ దొంగ ఎవరో దొరకలేదు.

గాంపి మళ్లీ కొంటాను, పెద్ద షీటు కొని నాలుగు ముక్కలు చేసుకుంటాను. అటక మీద పది షీట్ల లోక్తా మిగిలింది, పిల్లల నోటు పుస్తకాలకు అట్టలేస్తున్నాం.