జాగ్రత్త: పిల్లల వీపుకు బెల్టు కొనే ముందు ఒక్కసారి ముందుకు వంచి చూడండి

పిల్లల గూని పోగొడతామంటూ మన విశాఖపట్నంలో బెల్టులు, శిక్షణ ప్యాకేజీలు అమ్మేవారి దగ్గరకు వెళ్లబోయే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మాకు 20,800 రూపాయలు పోయాయి. డబ్బు ఎలాగో సంపాదించుకుంటాం. దానితో పాటు పోయిన ఏడు నెలలే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మా అమ్మాయికి 13 ఏళ్లు. గత ఏడాది ఉన్నట్టుండి పొడుగు సాగింది. కూర్చుంటే వంగిపోతోందని, పుస్తకాల సంచీ బరువని, ఫోను చూడటం వల్లనని ఇంట్లో తలా ఒక కారణం చెప్పాం. నడుము నిలబెట్టి కూర్చోమని దాన్ని రోజుకు ఎన్నిసార్లు కసురుకున్నానో లెక్క లేదు. చివరికి బాగా రద్దీగా ఉండే వీధిలో ఒక చోటికి తీసుకెళ్లాం. అక్కడి కుర్రాడు పాపను గోడకు ఆనించి నిలబెట్టి, ఫోనుతో ఫొటో తీసి, దాని మీద నాలుగు గీతలు గీసి చూపించాడు. ‘కూర్చునే తీరులో లోపమే మేడమ్, మూడు నెలల్లో సరిపోతుంది’ అన్నాడు. భుజాలను వెనక్కి లాగే బెల్టుకు 2,800, వ్యాయామ తరగతులకు 18,000. డాక్టరుకు చూపించారా అని అడగలేదు. పాపను ఒక్కసారి కూడా వంగమనలేదు. మూడు నెలలు గడిచాక తేడా కనిపించడం లేదంటే, ఇంకో మూడు నెలలు వాడమన్నారు.

అసలు విషయం మొదట పట్టుకున్నది పూర్ణా మార్కెట్ దగ్గర మాకు ఎప్పటినుంచో బట్టలు కుట్టే టైలరు. లంగా వోణీ కోసం కొలతలు తీస్తూ టేపు ఒకసారి పెట్టి, ఆగి, మళ్లీ పెట్టాడు. ‘రెండుసార్లు చూశానమ్మా. కుడి భుజం అర అంగుళం పైకి ఉంది. నడుము దగ్గర కూడా రెండు పక్కలా ఒకేలా లేదు. డాక్టరుకు చూపించండి’ అన్నాడు. ఆయనకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఎముకల డాక్టరు చేసిన మొదటి పని చాలా చిన్నది. పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, రెండు అరచేతులు కలిపి నెమ్మదిగా ముందుకు వంగమన్నారు. తాను వెనక కూర్చుని వీపును సమానమైన ఎత్తులో చూశారు. నన్నూ పిలిచి చూడమన్నారు. కుడి పక్క పక్కటెముకలు చిన్న మిట్టలా పైకి లేచి ఉన్నాయి, ఎడమ పక్క చదునుగా ఉంది. అరచెయ్యి ఆనిస్తే ఆ ఎత్తు స్పష్టంగా తెలిసింది. పదమూడేళ్లుగా నూనె రాసి స్నానం చేయించిన వీపు అది. నిలబడి ఉన్నప్పుడు నాకు ఏమీ కనిపించలేదు.

ఇది విలియం ఆడమ్స్ అనే ఇంగ్లండ్ వైద్యుడు 1865లో చెప్పిన పరీక్ష. పరికరం అక్కర్లేదు, అర నిమిషం చాలు. అంత పాత, అంత తేలికైన పరీక్ష కూడా చేయకుండా మా దగ్గర డబ్బు తీసుకున్నారు.

డాక్టరు చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇది. కూర్చునే అలవాటు వల్ల వచ్చే గూని పక్క నుంచి చూస్తే కనిపిస్తుంది, నిటారుగా ఉండమంటే పోతుంది, వంగినప్పుడు వీపు రెండు పక్కలా సమానంగా ఉంటుంది. మా పాపకు ఉన్నది అది కాదు, స్కోలియోసిస్ అనే వెన్నెముక సమస్య. ఇందులో వెన్నెముక పక్కకు వంగడమే కాదు, వెన్నుపూసలు మెలి తిరుగుతాయి కూడా. ఆ మెలికే పక్కటెముకలను ఒక వైపు పైకి లేపుతుంది. ఎంత నిటారుగా నిలబడినా అది పోదు. ఒక కాలు పొట్టిగా ఉన్నా వెన్ను వంగినట్టే కనిపించవచ్చు, అలాంటి వంపు కూర్చోబెడితే చాలావరకు పోతుంది. ఎంత చెప్పినా నిటారు కాని గూని ఉంటే అదీ డాక్టరు చూడవలసినదే. సంచీ బరువు వల్లో, వంగి కూర్చోవడం వల్లో స్కోలియోసిస్ రాదు. ఎక్కువ మంది పిల్లల్లో కారణం తెలియదు. ఆ మాట విన్న రోజు రాత్రి పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, ఇన్నాళ్లూ కసురుకున్నందుకు క్షమించమని అడిగాను.

నిలబెట్టి తీసిన వెన్నెముక మొత్తం ఎక్స్‌రేలో వంపు 27 డిగ్రీలు వచ్చింది. 10 డిగ్రీలు, అంతకు మించితే స్కోలియోసిస్ అంటారు. 25 లోపు సాధారణంగా కొన్ని నెలలకోసారి చూస్తూ ఉంటారు. ఎదిగే వయసులో 25 నుంచి 40 మధ్య ఉంటే బ్రేస్ ఇస్తారు, అంటే ఒంటి చుట్టూ తొడిగే గట్టి ప్లాస్టిక్ కవచం. 45, 50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. 2013లో వెలువడిన ఒక అమెరికా, కెనడా అధ్యయనంలో బ్రేస్ వేసుకున్నవారిలో 72 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఆగింది, వేసుకోనివారిలో 48 శాతం మందికి. ఎక్కువ గంటలు వేసుకున్న కొద్దీ ఫలితం మెరుగ్గా ఉంది. బ్రేస్ పని ప్రధానంగా వంపు పెరగకుండా ఆపడం. పిల్లలు వేగంగా ఎదిగే నెలల్లోనే వంపు వేగంగా పెరుగుతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. మేము వదులుకున్నవి సరిగ్గా ఆ నెలలే. అంతకుముందు ఎక్స్‌రే లేదు కాబట్టి వాటిలో ఎంత పెరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు పాప ఒంటి కొలతకు చేయించిన బ్రేస్ రోజుకు 18 గంటలు వేసుకుంటోంది. మన ఊరి ఉక్కలో అది ఎంత కష్టమో చూస్తున్నాను. లోపల కుట్లు లేని నూలు బనియను వేసి, చెమట పట్టగానే మారుస్తున్నాం. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలూ చేస్తోంది. వ్యాయామాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆమె తొలి రోజే ఎక్స్‌రే చూసి, వంపు ఎటు ఉందో తెలుసుకున్నాకే మొదలుపెట్టింది.

ఖర్చుకు వెనకాడేవారు కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఎముకల విభాగం ఓపీకి వెళ్లి చూపించుకోండి. రాత్రి నిద్ర లేపే నొప్పి, కాళ్లలో తిమ్మిరి లేదా బలం తగ్గడం, మలమూత్రాలపై అదుపు తప్పడం ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. పదేళ్లలోపు పిల్లలకు వంపు కనిపించినా త్వరగా చూపించండి.

బెల్టు అమ్మినవాళ్లను డబ్బు వెనక్కి అడిగితే, వాడిన వస్తువును వెనక్కి తీసుకోబోమన్నారు. తరగతులకు రసీదే ఇవ్వలేదు, మేమూ అడగలేదు. మీరు తప్పకుండా అడిగి తీసుకోండి. బెల్టు బిల్లు మాత్రం ఉంది, దానితోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

పోయిన వారం ఆ వీధిలో నుంచి వెళ్తూ అద్దంలోంచి చూశాను. అవే బెల్టు పెట్టెలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీద కొత్త కాగితం అంటించారు: ‘స్కోలియోసిస్‌కు కూడా’.